మిల్లు మూసేస్తూ రాజీనామా అడిగితే ఇవ్వవచ్చా?

స్పిన్నింగ్ మిల్లులో 19 ఏళ్లుగా పనిచేస్తున్న మీ నాన్నగారిని, మిల్లు మూసేస్తున్నామంటూ యాజమాన్యం రాజీనామా రాసివ్వమంటోందని, ఇస్తే లెక్క వెంటనే తేలుస్తామంటోందని రాశారు. ఇవ్వవద్దనే నా సమాధానం. గుంటూరు జిల్లాలో నేను నూలు వడికే రింగ్‌ఫ్రేమ్ విభాగంలో పనిచేసిన మిల్లు మూతపడినప్పుడు మమ్మల్నీ ఒక్కొక్కరినే ఆఫీసు గదికి పిలిచి, 'స్వంత కారణాల వల్ల పని మానుకుంటున్నాను' అని ముందే టైపు చేయించిన కాగితం ముందు పెట్టారు.

ఆ వాక్యం ఖరీదెంతో చూడండి. మూలవేతనం, కరువు భత్యం కలిపి నెలకు 13,000 రూపాయలనుకుంటే, నెల జీతాన్ని 26 పనిదినాలతో భాగించి 15తో హెచ్చించే సూత్రం ప్రకారం ఏడాది సర్వీసుకు 7,500 చొప్పున 1,42,500 రూపాయల గ్రాట్యుటీ, అంటే పని వదిలేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే మొత్తం, వస్తుంది. ఐదేళ్లు దాటిన సర్వీసు కనుక రాజీనామా చేసినా అది పోదు. పోయేది మూసివేత పరిహారం. ఏడాదికి 15 రోజుల సగటు వేతనం, అంటే సగం నెల లెక్కన 1,23,500 రూపాయలు. తమంతట తాము మానుకున్నవారికి కార్మికుల బీమా పథకమైన ఈఎస్ఐ ఇచ్చే నిరుద్యోగ భృతి కూడా దక్కదు.

నష్టాలొచ్చాయి, సరుకు అమ్ముడుపోలేదు అన్న కారణాలు చూపి ఈ పరిహారాన్ని మూడు నెలల జీతానికి కుదించడం చట్టప్రకారం చెల్లదు. మా యాజమాన్యం మొదట పాడిన పాట అదే. అయితే 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్, మూసివేతకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అయ్యే పరిమితిని 100 మంది కార్మికుల నుంచి 300కు పెంచింది కాబట్టి, చిన్న మిల్లును మూయకుండా ఆపగలమన్న ఆశ పెట్టుకోకండి. పరిహారం మీదే దృష్టి పెట్టండి.

మాలో సంతకం చేయనివాళ్లం సహాయ కార్మిక కమిషనర్ దగ్గర ఫిర్యాదు చేశాక పరిహారం వచ్చింది గానీ, ఆలస్యంగా, వాయిదాలలో వచ్చింది. పిల్లల ఫీజులు కట్టలేక ముందే సంతకం చేసినవారిని నేను తప్పుపట్టను. అందరికన్నా అన్యాయమైపోయింది కాంట్రాక్టరు కింద హాస్టల్లో ఉండి పనిచేసిన ఆడపిల్లలు. మిల్లులో పనిచేసినట్టు చూపడానికి వారి చేతిలో ఒక్క కాగితమూ లేదు.

అందుచేత గేటు మూయకముందే నియామక పత్రం, జీతం చీటీలు, ఈఎస్ఐ కార్డు, పీఎఫ్ పాస్‌బుక్కు నకళ్లు ఇంటికి తెచ్చుకోమనండి. మూసివేత నోటీసు రాతపూర్వకంగా ఇవ్వమని నాన్నగారు ఒక్కరే కాకుండా పదిమంది కలిసి అడగాలి. నిరాకరిస్తే, రాజీనామా కోసం ఒత్తిడి చేస్తున్నారన్న సంగతిని తేదీతో సహా రాసి, కార్మిక శాఖ కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి.