హూలియో ఇగ్లేసియాస్ గురించి రాస్తున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి ఆశీర్వదించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. స్పెయిన్ గాయకుడు హూలియో ఇగ్లేసియాస్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. (స్పానిష్‌లో 'జూలియో' కాదు, 'హూలియో' అంటారు, పేరు దగ్గరే తప్పు వద్దు.) మొదటి పేజీ నిండా అమ్ముడైన రికార్డుల లెక్కే ఉంది. ఆ లెక్క ఒక్కో చోట ఒక్కోలా కనిపిస్తుంది కాబట్టి నమ్ముకోదగినది కాదన్నది అలా ఉంచినా, కోట్ల అంకెల వెనక మనిషి కనిపించడు. తొలిరోజుల్లో నేనూ ఒక సన్నాయి విద్వాంసుడి మీద రాస్తూ, ఆయన సన్మానాలన్నీ వరసపెట్టి, ఆయన ఊపిరి ఎక్కడ తీసుకుంటారో గమనించనే లేదు.

నాలుగో పేజీలో దాక్కున్న ఆసుపత్రి మంచాన్ని ముందుకు తీసుకురా. 1943లో మాడ్రిడ్‌లో ఒక వైద్యుడి ఇంట పుట్టి, న్యాయశాస్త్రం చదువుతూ, రియల్ మాడ్రిడ్ యువజట్టులో గోల్‌కీపర్‌గా ఆడుతున్న కుర్రవాడు ఇరవయ్యేళ్ల ప్రాయంలో కారు ప్రమాదానికి గురై, కాళ్లు కదపలేక నెలల తరబడి మంచాన పడ్డాడు. చేతులకు కాస్త పని ఉంటుందని ఆసుపత్రి సహాయకుడొకరు గిటారు ఇచ్చారు. బంతిని ఆపిన చేతులు తీగల మీద తడుముకున్న ఆ రోజులను నువ్వు 'తర్వాత సంగీతం వైపు మళ్లారు' అని ఒక్క వాక్యంలో దాటేశావు. అక్కడ కాసేపు ఆగు. అయితే ఆయన మనసులో ఏముందో కల్పించకు. మంచం, గిటారు, కదలని కాళ్లు చాలు. 1968లో స్పెయిన్‌లోని బెనిడార్మ్ పాటల పోటీలో ఆయన్ను గెలిపించిన సొంత పాట పేరుకు 'జీవితం అలాగే సాగుతుంది' అని అర్థం. మంచం చూపించాక ఆ పేరు చెబితే వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. 1970లో యూరప్ దేశాల పాటల పోటీ యూరోవిజన్‌లో నాలుగో స్థానం సంగతి ఒక ముక్కలో ముగించు.

'అనేక భాషల్లో పాడారు' అన్న మాట నాకు ఆనలేదు. పరభాషా గాయకులు మన ఒత్తులు మింగేస్తే మనం విసుక్కుంటాం. ఆయన విషయంలో మాత్రం ఆ యాసే ఆకర్షణ అయింది. 1981 డిసెంబరులో బ్రిటన్ పాటల అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరిన ఆయన పాట, స్వరకర్త కోల్ పోర్టర్ 1930లలో కట్టిన అమెరికన్ పాటకు ఎక్కువ భాగం స్పానిష్ మాటలు పెట్టి పాడినది. అదే నెలాఖరున ఆయన తండ్రిని ఈటా (బాస్క్ వేర్పాటువాద సంస్థ) ఉగ్రవాదులు అపహరించడం, జనవరిలో పోలీసులు విడిపించడం ఉత్కంఠ కోసం నువ్వు మధ్యలోకి లాగావు. అది తండ్రి కథ, దాన్ని తగ్గించు.

ఆ చోటు 1984లో టెక్సాస్‌కు చెందిన అమెరికన్ కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్‌తో పాడిన జోడీ పాట 'టు ఆల్ ద గర్ల్స్ ఐ హావ్ లవ్డ్ బిఫోర్'కు ఇవ్వు. అమెరికా పాప్ పట్టికలో అయిదో స్థానానికీ, కంట్రీ పట్టికలో అగ్రస్థానానికీ వెళ్లిన ఆ పాటను హూలియోనే మొదలుపెడతారు. 'లవ్డ్' అనే మాటను ఆయన సాగదీసే తీరులోనే స్పెయిన్ వినిపిస్తుంది. తర్వాత ముక్కుతో పలికే నెల్సన్ టెక్సాస్ గొంతు అందుకుంటుంది. ఎవరూ ఎవరిలా పాడే ప్రయత్నం చేయరు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పదిసార్లు విను, ఎవరు ఏ పాదం అందుకున్నారో కాగితం మీద గుర్తుపెట్టుకో, తర్వాత ఆ పాట మీదే ఒక పేజీ రాసి పంపు. మిగతాది ఆ పేజీ చూశాక మాట్లాడుకుందాం.

ఇట్లు,
నీ మేలు కోరే అన్నయ్య