ముందు గోడ చూసుకో, కెమెరా సంగతి తర్వాత

చిరంజీవి అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులు. హాల్లో పెట్టుకోవడానికి ఏదైనా పాత కట్టడం ఫొటో నువ్వే తీస్తానని రాశావు, చాలా సంతోషం. ఏ కెమెరా కొనాలో చెప్పమన్నావు. అది తేలికైన ప్రశ్న, చివర్లో చెప్తాను. నువ్వు మొదలుపెట్టాల్సింది గోడ దగ్గర.

ఫోన్‌లో ఫొటోని రెండు క్షణాలు చూసి వేలితో పైకి తోసేస్తాం. గోడమీదిది రోజూ కళ్లెదుట ఉంటుంది. ఒక్క చూపులో అంతా చెప్పేసే బొమ్మని నెల తిరక్కుండానే చూడటం మానేస్తాం. కాబట్టి పాత దినపత్రికలు అతికించి అనుకున్న సైజులో గోడకి తగిలించు. రెండు మూడు రోజులు అలాగే ఉంచు. సోఫా వెనక పొడవాటి గోడ అయితే అడ్డం బొమ్మ కావాలి. తలుపుల మధ్య సన్నటి జాగా అయితే నిలువు బొమ్మ: ఒక స్తంభమో, మెట్ల వరుసో. ఇది తేలకుండా బయల్దేరితే అక్కడ ఎటు తిరిగి తియ్యాలో తోచదు.

ఇక వెలుగు. ఈ పనిలో సగం ఇదే. కట్టడం ఎటు ముఖం చేసి ఉందో ముందే మ్యాపులో చూసుకో. తాజ్‌మహల్ ముఖద్వారం దక్షిణం వైపు ఉంటుంది. జూన్‌లో సూర్యుడు ఈశాన్యంలో ఉదయిస్తాడు కాబట్టి తొలి ఎండ పడేది వెనక, యమున వైపు గోడకి. డిసెంబరులో ఆగ్నేయం నుంచి వస్తాడు, పొగమంచు లేకపోతే ముందు గోడని ఏటవాలుగా తాకుతాడు. అదే కట్టడం, అదే వేళ, నెల మారితే బొమ్మే మారిపోతుంది. శిల్పాలున్న గోడకి ఆ ఏటవాలు ఎండే ప్రాణం. ప్రతి గీత పక్కనా సన్నని నీడ పడి చెక్కడం లేచి నిలబడుతుంది. నడినెత్తిన ఎండున్నప్పుడు కెమెరా సంచిలోనే ఉంచి, చుట్టూ తిరిగి జాగాలు చూసుకో. మబ్బు పట్టిన రోజుని కూడా తక్కువ చెయ్యకు, లోపలి మండపాలకీ రంగులేసిన గోడలకీ ఆ మెత్తని వెలుగే మేలు. రాత్రి దీపాలతో కావాలంటే పూర్తిగా చీకటి పడనివ్వకు. సూర్యాస్తమయం తర్వాత ఆకాశంలో ముదురు నీలం మిగిలి ఉన్న కాసేపట్లోనే తియ్యాలి.

కట్టడం మొత్తాన్నీ ఫ్రేములో ఇరికించాలన్న ఆత్రం వద్దు. 1858లో లినేయస్ ట్రైప్ అనే ఫొటోగ్రాఫర్ తంజావూరు బృహదీశ్వరాలయానికి వెళ్లాడు. గర్భగుడి మీద అంతటి విమానగోపురం ఉండగా, దాని అడుగున అధిష్ఠానం, అంటే రాతి పీఠం, మీది శాసనాలని వరుసగా తీసి, 21 ఫొటోలు కలిపి ఒకే పొడవాటి బొమ్మ చేశాడు. గోడమీద నిలిచేది అలాంటి చూపే. ఒక ద్వారబంధం, తరతరాల పాదాలకి అరిగిన మెట్టు, కిటికీ జాలీ నుంచి నేలమీద పడిన వెలుగు. కట్టడం ఇంకా ఎంతో ఉందని చూసేవాళ్లకి తెలుస్తూనే ఉంటుంది.

కెమెరాని పైకి ఎత్తి తీస్తే గోడలు వెనక్కి వాలినట్టు వస్తాయి. ఫోన్‌లో పట్టించుకోం గానీ పెద్ద ప్రింటులో, పక్కనే తిన్నని తలుపు అంచు ఉన్నప్పుడు, ఆ వాలు రోజూ కంట్లో నలుసే. కాబట్టి దూరం జరిగి, కెమెరాని పైకీ కిందికీ వంచకుండా తిన్నగా ఎదురుగా పట్టుకుని తియ్యి. కింద ఎక్కువైన నేలని తర్వాత కత్తిరించు. సాఫ్ట్‌వేర్‌తో సరిచేస్తే అంచులు పోతాయి, కాబట్టి చుట్టూ కాస్త ఖాళీ వదులు.

జనం గురించి బెంగ వద్దు. కెమెరా కదలకుండా పెట్టి కొంత వ్యవధిలో పది పదిహేను ఫొటోలు తీస్తే, కదిలేవాళ్లని సాఫ్ట్‌వేర్‌లో తీసెయ్యొచ్చు. నన్నడిగితే ఒక మనిషిని ఉండనిమ్మంటాను. ఆ రాళ్లు ఎంత పెద్దవో అప్పుడే తెలుస్తుంది. ట్రైపాడ్‌కి చాలాచోట్ల అనుమతి కావాలి, ముందే కనుక్కో. చెక్కడాల మీద ఎక్కడం, ఆనుకోవడం మాత్రం ఎంత మంచి కోణం దొరికినా చెయ్యకు.

కెమెరా మాటకొస్తే, 24 మెగాపిక్సెల్ ఫొటో దాదాపు 6000 చుక్కల (పిక్సెళ్ల) వెడల్పు ఉంటుంది. 36 అంగుళాల ప్రింటు వేస్తే అంగుళానికి సుమారు 167 చుక్కలు. ఐదారడుగుల దూరం నుంచి చూసే బొమ్మకి ఇది చాలు. 12 మెగాపిక్సెల్ ఫోనుతో కూడా పట్టపగటి వెలుగులో 20 అంగుళాల దాకా ధైర్యంగా వెళ్లొచ్చు. కెమెరా అయితే రా ఫార్మాట్ (కెమెరా పట్టిన వివరాలన్నీ తగ్గించకుండా దాచే ఫైలు), తక్కువ ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె), ఎపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్8 దగ్గర పెట్టుకో.

దిద్దేటప్పుడు రాయి రంగు మార్చకు, వేరే ఆకాశం అతికించకు. ఆ రాయిని అలాగే చూపించడం ఆ కట్టడానికి మనమిచ్చే మర్యాద. తెర మీద కన్నా కాగితం మీద బొమ్మ మసకగా వస్తుంది, కాబట్టి తెర వెలుతురు తగ్గించి దిద్దు. పెద్ద ప్రింటుకి ముందు చిన్న ముక్క వేయించి, పెట్టబోయే గోడ దగ్గరే పగలూ రాత్రీ చూడు. కిటికీ ఎదురుగా పెడితే మామూలు గాజు అద్దంలా మెరుస్తుంది, మ్యాట్ కాగితమో మెరవని గాజో అడుగు. నేరుగా ఎండ తగిలే చోటైతే వద్దు, రంగులు వెలిసిపోతాయి. బొమ్మ మధ్యభాగం నేలకి సుమారు 57 అంగుళాల ఎత్తులో ఉంటే నిలబడ్డ మనిషి కంటికి సరిపోతుంది. మీరు ఎక్కువగా కూర్చునే గది అయితే ఇంకాస్త దించు.

ఆ చిన్న ముక్క రెండు కాపీలు వేయించి ఒకటి నాకు పంపు. ఏ కాగితమో వెనక రాయడం మర్చిపోకు.

ఆశీస్సులతో,
మామయ్య