లెక్కల పుస్తకం అల్లుడి దగ్గరే ఉండనీ

అమ్మడూ,

మీ ఆయనకి డయాలసిస్ అని నిన్న ఫోనులో ఏడుస్తూ అడిగావు, "మావయ్యకి ఆరేళ్ళు డయాలసిస్ చేయించావు కదా అత్తా, ధైర్యం ఎలా చెప్పేదానివి?" అని. ధైర్యం చెప్పడం నాకూ చేతకాలేదు. చేసిన తప్పులు మాత్రం బాగా గుర్తున్నాయి. అవే రాస్తున్నా.

డయాలసిస్ మిషను ఎక్కిన మొదటి నెలలోనే మీ మావయ్య చేతిలో పనులన్నీ నేను లాక్కున్నాను. జీడిపిక్కల బేరం నేనే, కూలీల లెక్క నేనే, పిల్లల ఫీజులు నేనే. ఆయన అలిసిపోకూడదన్న ప్రేమతోనే. మూడు నెలలకి మనిషి గోడవైపు తిరిగి పడుకోవడం మొదలెట్టారు. ఓ రాత్రి అన్నారు, "నీళ్ళు కొలిచి పోస్తున్నావు, అన్నం కొలిచి పెడుతున్నావు. ఈ ఇంట్లో నాతో పనేముందే?" అని. మర్నాడు పిక్కల వ్యాపారి వస్తే ఆయన మంచం దగ్గరికే పంపాను. బస్తాకి రెండొందలు ఎక్కువే పలికించారు. ఆ పూట అన్నం అడిగి తిన్నారు.

అందుకే చెప్తున్నా, లెక్కల పుస్తకం అల్లుడి దగ్గరే ఉండనీ. ఖర్చు కూడా దాచకు. ఆరోగ్యశ్రీ ఉంది (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు), నెలకి 10,000 పింఛను వస్తుంది, అయినా ఆటోకీ మందులకీ ఎంతవుతోందో అతనికి తెలియాలి. తెలియకపోతే, తన వల్లే ఇల్లు గుల్లయిపోతోందని రాత్రంతా అంతకు పదింతలు ఊహించుకుంటాడు.

నీళ్ళ సంగతి. డాక్టరు చెప్పిన కొలత పొద్దున్నే ఒక సీసాలో పోసి అతని చేతికిచ్చెయ్. ఎప్పుడు ఎంత తాగాలో అతని ఇష్టం. నలుగురి ముందూ గుటకలు లెక్కపెట్టకు. మన శ్రీకాకుళం ఉద్దానంలో పలకరించడానికి వచ్చినవాళ్ళు కొబ్బరిబొండాలు పట్టుకొస్తారు. అందులో పొటాషియం ఎక్కువ, అది పెరిగితే గుండెకే ముప్పు. ఆ మాట నువ్వే గుమ్మం దగ్గర చెప్పి పంపెయ్. చుట్టూ కొబ్బరితోటలు పెట్టుకుని ఒక్కొక్కరికీ వద్దు వద్దని చెప్పుకోవడం ఎంత బాధో మీ మావయ్య మొహంలో చూశాను.

నాలుగు గంటలు మిషను మీదుండి వచ్చిన రోజు ఒంట్లో సత్తువ ఉండదు, కాళ్ళు పట్టేస్తాయి. ఆ సాయంత్రం ఏ సమస్యా ఎత్తకు. ఏదైనా మాట్లాడాలంటే మర్నాడు పొద్దున్న మాట్లాడు.

ఇంకోటి, ఇది రాయడం కష్టంగానే ఉంది. ఆసుపత్రిలో మీ మావయ్య పక్క మంచం మీద ఒక మేస్త్రి ఉండేవాడు. రెండేళ్ళు ఇద్దరూ ఒకే షిఫ్టు. ఒకరోజు ఆ మంచం ఖాళీ. "ఊరెళ్ళాడట" అని అబద్ధం చెప్పాను. వారానికి నిజం తెలిసింది. పోయాడన్న దుఃఖం కన్నా నేను దాచానన్న కోపమే ఎక్కువైపోయింది. పదిహేను రోజులు నాతో మాట్లాడలేదు. అలాంటిది జరిగితే నువ్వు దాచకు. పక్కన కూర్చుని చెప్పు, ఏడిస్తే ఏడవనీ, వీలైతే ఆ ఇంటికి ఇద్దరూ వెళ్ళి రండి. డయాలసిస్‌లో కలిసుండేవాళ్ళకి ఒకరి బాధ ఒకరికి తెలిసినట్టు మనకి తెలియదమ్మా.

నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం రక్తం తగ్గినా వస్తాయి, దిగులుకీ వస్తాయి. ఏదో మనం తేల్చలేం. కిడ్నీ డాక్టరుకి రెండూ చెప్పు. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు తేకు. కిడ్నీలు పనిచేయనివాళ్ళకి కొన్ని మందులు ఒంట్లోంచి బయటికి పోవు, మోతాదు మారుతుంది.

"ఇవాళ డయాలసిస్‌కి వెళ్ళను" అన్నాడంటే మాత్రం బద్ధకం అనుకోకు, తిట్టకు. "బతకాలని లేదా?" అని సూటిగా, మెల్లగా అడుగు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఉందంటే ఒంటరిగా వదలకు, అప్పుడే డాక్టరుకి చెప్పు. మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ నంబరు 14416కి ఫోను చేస్తే ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. అతను చేయనంటే నువ్వు చెయ్. నీ గురించి కూడా చెప్పుకోవచ్చు.

ఆదివారం మిషను లేదన్నావుగా. పొద్దున్న బస్సుకి వస్తున్నా. వంట నేను చూసుకుంటా, అల్లుడూ నేనూ తోట లెక్కలు చూసుకుంటాం. నువ్వు తలుపేసుకుని పడుకో.

మీ అత్త