పాయింట్ 22 (.22) రైఫిల్‌లో తూటా ఇరుక్కుంటుంటే

రెండో తూటాకే ఇరుక్కుంటోందంటే తప్పు చాలాసార్లు రైఫిల్‌ది కాదన్నా, మ్యాగజైన్‌దే (తూటాలు నింపే డబ్బాదే) అయ్యుంటుంది.

1. మ్యాగజైన్ తీసేయ్. బోల్టు వెనక్కి లాగి ఛాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) ఖాళీనో కాదో కంటితో చూడు, వేలితో తడుము.

2. అందరూ బ్యారెల్ తుడుస్తారు, మ్యాగజైన్ మాత్రం విప్పరు. ఈ తూటాల సీసానికి మైనం పూత ఉంటుంది. అదీ, మసీ, మన అనంతపురం దుమ్మూ కలిసి లోపల జిగురులా పేరుకుంటాయి, స్ప్రింగు తూటాను పైకి నెట్టలేదు. విప్పి పొడిగుడ్డతో తుడువు. లోపల నూనె చుక్క కూడా వద్దు, దుమ్ము పట్టేది దానికే. పైఅంచులు వంగి ఉంటే ప్లయర్ పెట్టొద్దు, మ్యాగజైనే మార్చు.

3. నింపేటప్పుడు పై తూటా అడుగున ఉండే అంచు (రిమ్) కిందిదాని అంచుకు ముందుండాలి. వెనక పడిందా, అక్కడే బిగుసుకుంటుంది.

4. నీది సెమీ ఆటోమేటిక్ అయ్యుండి, సబ్‌సోనిక్ (ధ్వని కంటే నెమ్మదిగా పోయే తూటాలు) వాడుతున్నావా? బోల్టును పూర్తిగా వెనక్కి నెట్టే బలం వాటికి చాలకపోవచ్చు, వేగం ఎక్కువుండే హై వెలాసిటీ వేసి చూడు.

అప్పటికీ ఇరుక్కుంటే లైసెన్సున్న తుపాకుల షాపుకే తీసుకుపో.