బింగ్లీ లాకులు దిగేముందు

అల్లుడూ,

నువ్వు ఇంగ్లండ్‌లోని స్కిప్టన్‌లో నారోబోట్, అంటే కాలవల్లో తిరిగే సన్నని పొడుగాటి పడవ, బుక్ చేశావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషంతో పాటు కాస్త బెంగ కూడా కలిగింది. అక్కడి నుంచి కాలవలో బింగ్లీ దాకా స్వింగ్ బ్రిడ్జిలే (పడవకి దారివ్వడానికి పక్కకి తిప్పే వంతెనలు) తప్ప ఒక్క లాకు కూడా, అంటే నీటిమట్టం మార్చి పడవని దించే తలుపుల గది, తగలదు. అంటే నువ్వు దిగబోయే మొట్టమొదటి లాకు ఫైవ్ రైజ్ అన్నమాట. మెట్లలా ఐదు గదులు, మొత్తం 59 అడుగుల దిగుడు. 1774లో మొదలైన ఈ లాకులను ఇప్పటికీ చేతులతోనే తిప్పుతారు.

పైన పడవ కట్టేసి, ముందు లాకు కీపర్ దగ్గరికి నడిచి వెళ్లు. పడవల్ని ఎన్ని గంటల దాకా పంపిస్తారో ముందే కనుక్కో. ఆయన చెప్పేదాకా ప్యాడిల్ ముట్టుకోకు. ప్యాడిల్ అంటే తెడ్డు కాదు, నీళ్లు వదిలేది, మన గోదావరి కాలవల మీది షట్టర్ లాంటిదే. ఇక్కడ గదికీ గదికీ మధ్య కాలవ ఉండదు, పై గదిలోని నీళ్లే కింది గదిలోకి దిగుతాయి. అందుకే దిగేటప్పుడు పై గది నిండుగా, మిగతా నాలుగూ ఖాళీగా ఉండాలి. లేకపోతే నీళ్లు పొర్లిపోతాయి.

అన్నిటికన్నా ముఖ్యం గడప. వెనక తలుపు కింద రాతి గడప ఒకటి ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. గది నిండుగా ఉన్నప్పుడు కనపడదు. గోడ మీద తెల్ల గీత దాన్ని గుర్తు చేయడానికే, పడవ వెనక కొస ఆ గీతకి ముందే ఉండాలి. ఒకసారి వేరే లాకులో నేను కబుర్లలో పడి గీత చూడలేదు. నీళ్లు తగ్గుతుంటే చుక్కాని గడప మీద ఆగిపోయింది, ముందు కొస కిందికి వాలింది. లోపల స్టవ్ మీది టీ గిన్నె జారి పడిన చప్పుడుకి గానీ నాకు తెలివి రాలేదు. మీ అత్తయ్య పరుగెత్తి కింది ప్యాడిళ్లు మూసేసింది, తర్వాత పై నుంచి మెల్లగా నీళ్లు వదిలితే పడవ తేలింది. ఇంకో నిమిషం ఆలస్యమైతే మునిగేదే.

తాడు ముడి వెయ్యకు, స్తంభానికి ఒక చుట్టు తిప్పి చేత్తో వదులుతూ ఉండు. ముడేస్తే నీళ్లు దిగాక పడవ వేలాడుతుంది. ప్యాడిల్ తిప్పే హ్యాండిల్‌ని పని కాగానే తీసేయాలి. పిల్లలకి లైఫ్ జాకెట్లు వేసి గట్టు మీద నిలబెట్టు.

గంట పైనే పట్టొచ్చు, తొందర పడకు. కొద్ది దూరంలోనే త్రీ రైజ్, ఇలాంటిదే మూడు గదుల లాకు, ఉంది. అది కూడా దిగాక ఫోన్ చెయ్యి, రాత్రయినా పర్లేదు.

మీ మామయ్య