డిపాజిట్‌లో ఎంత కోయాలో తేల్చేది ఏజెంట్ కాదు

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో రెండేళ్లు అద్దెకున్నాం. అద్దె నెలకు 1,100 పౌండ్లు, డిపాజిట్ 1,269 పౌండ్లు. పోయిన వారం ఖాళీ చేశాం. అందులో 480 పౌండ్లు పట్టుకుంటామని ఏజెంట్ మెయిల్ పెట్టాడు. హాల్లో పెయింటింగ్‌కు 200, బెడ్‌రూమ్ కార్పెట్‌కు 180, కిచెన్ కౌంటర్ మీది పసుపు మరకకు 100 అట. ఒప్పుకోకపోతే మొత్తం డబ్బు ఆగిపోతుందని, తమ నిర్ణయమే ఫైనల్ అని అంటున్నాడు. ఇంటి ఓనర్‌ని మేం ఎప్పుడూ చూడలేదు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ మెయిల్‌కు ‘ఓకే’ అని జవాబివ్వకండి. ఒకసారి ఒప్పుకున్నాక ఆ డబ్బు రాబట్టడం చాలా కష్టం.

ఏజెంట్ మీ ఇద్దరి మధ్య పెద్దమనిషి కాదు. ఓనర్ దగ్గర ఫీజు తీసుకుని ఓనర్ తరఫున పనిచేసే మనిషి. ఇల్లు చూపించిందీ, తాళాలిచ్చిందీ, బాయిలర్ పాడైతే మనిషిని పంపిందీ అతనే కాబట్టి తీర్పు చెప్పేదీ అతనేనని మనవాళ్లు చాలామంది అనుకుంటారు. తర్వాతి ఇంటికి రిఫరెన్స్ ఇవ్వడేమోనన్న టెన్షన్ ఒకటి. అడిగినంత వదిలేసుకుని వచ్చేస్తారు. నాకు బాధ కలిగించేది అదే. ఇంత కోస్తామని అడగడం వరకే అతని పని.

మీ డిపాజిట్ ఎక్కడుందో ఇవాళే చూడండి. డిపాజిట్ తీసుకున్న 30 రోజుల్లోపు దాన్ని డిపాజిట్ ప్రొటెక్షన్ సర్వీస్, మైడిపాజిట్స్, టెనెన్సీ డిపాజిట్ స్కీమ్ అనే మూడు డిపాజిట్ రక్షణ స్కీమ్‌లలో ఏదో ఒకదాని కింద నమోదు చేసి, ఆ వివరాలు మీకివ్వాలి. 2007 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇలా నమోదు చేయడం తప్పనిసరి. మూడింటి వెబ్‌సైట్లలోనూ వెతుక్కోవచ్చు. ఎక్కడా లేకపోతే కథే మారిపోతుంది: డిపాజిట్‌తో పాటు, దానికి ఒకటి నుంచి మూడు రెట్ల వరకు మీకు చెల్లించమని కోర్టు ఆదేశించవచ్చు. ఓనర్ మీదే కాదు, అతని తరఫున డిపాజిట్ తీసుకున్న ఏజెంట్ మీద కూడా ఈ కేసు వేయవచ్చని 2010లో అక్కడి హైకోర్టు చెప్పింది.

నమోదై ఉంటే, ఆ స్కీమ్‌లోనే ఉచితంగా అడ్జుడికేషన్ ఉంటుంది, అంటే ఇద్దరి ఆధారాలూ చూసి మధ్యవర్తి తీర్పు చెప్పడం. అంతా కాగితాల మీదే నడుస్తుంది, నాలాంటి లాయరు అవసరం లేదు. డిపాజిట్ మీ సొమ్ము. కోయాలనే వాళ్లే కారణం నిరూపించాలి. మీరు చేరిన రోజు ఇంటి స్థితి రాసిచ్చిన చెక్-ఇన్ ఇన్వెంటరీ, ఖాళీ చేసిన రోజు చెక్-అవుట్ రిపోర్ట్ పక్కపక్కన పెట్టి ఆ మధ్యవర్తి చూస్తారు. చెక్-ఇన్ రిపోర్టే లేకపోతే వాళ్ల వాదన చాలా బలహీనపడుతుంది.

ఇక మీ లెక్క. రెండేళ్లలో సోఫా వెనక గోడ కాస్త మాసిందంటే అది మామూలు వాడకం, దానికి మీరు కట్టక్కర్లేదు. కార్పెట్ విషయంలో దాని వయసు అడగండి. పదేళ్లు మన్నే కార్పెట్ మీరు చేరేనాటికే ఆరేళ్లదైతే, మీ ఖర్చుతో కొత్తది వేయించుకోవడం కుదరదు. మిగిలిన ఆయుష్షు మేరకే అడగాలి. పసుపు మరక మాత్రం, చెక్-ఇన్ ఫొటోల్లో లేకపోతే, మీదే. ఒప్పేసుకోండి. నిజాయితీగా ఒకటి ఒప్పుకుంటే మిగతా రెండింటి మీద మీ మాటకు విలువ పెరుగుతుంది. కానీ 100 ఎలా వచ్చిందో బిల్లో కొటేషనో చూపించమనండి.

మొత్తం డబ్బు ఆపేస్తామన్నది ఉత్త బెదిరింపు. గొడవ 480 మీదే, మిగతా 789 ఆపడానికి కారణం లేదు.

అడ్జుడికేషన్‌కు ఇద్దరూ ఒప్పుకోవాలి. ఓనర్ ఒప్పుకోకపోతే కౌంటీ కోర్టులో స్మాల్ క్లెయిమ్ (చిన్న మొత్తాల దావా) వేయవచ్చు. అందుకు ఓనర్ పేరు, అడ్రస్ కావాలి కదా: రాతపూర్వకంగా అడిగితే 21 రోజుల్లోపు ఏజెంట్ ఇచ్చి తీరాలి. 1985 నాటి చట్టం ప్రకారం సరైన కారణం లేకుండా ఇవ్వకపోవడం నేరం. ఏజెంట్ బెదిరింపుల మీద ముందు అతని కంపెనీకే ఫిర్యాదు రాయండి. ఎనిమిది వారాల్లో తేల్చకపోతే అతను సభ్యుడిగా ఉన్న రిడ్రెస్ స్కీమ్‌కు, అంటే ఏజెంట్ల మీద ఫిర్యాదులు తేల్చే సంస్థకు వెళ్లవచ్చు.

గడువు జాగ్రత్త. ఖాళీ చేసిన మూడు నెలల్లోపు స్కీమ్‌లో వివాదం నమోదు చేయండి. ఈ రాత్రికే పాత ఫొటోలు వెతికి, ఏజెంట్‌కు ఇంతే రాయండి: “పెయింట్, కార్పెట్ కోతలకు మేం ఒప్పుకోవడం లేదు. మరకకు బిల్లు పంపండి. వివాదం లేని 789 పౌండ్లు వెంటనే ఇవ్వండి. మిగతాది స్కీమ్ అడ్జుడికేషన్‌లో తేల్చుకుందాం.”