బోస్టన్ కథ పంపిన అమ్మాయికి

అమ్మాయ్,

నీ కథ అందింది. ముందు ఒక తప్పు చెప్పేస్తాను. 1890లో, భావాన్ని గొంతుతో, ఒంటి కదలికలతో పలికించడం నేర్పిన ఫ్రెంచి గురువు ఫ్రాన్సువా దెల్సార్త్‌ను బోస్టన్ రేవులో ఓడ దింపి, నీ నాయికకు పాఠం చెప్పించావు. ఆయన 1871లోనే పోయాడు. అమెరికా ముఖం చూడలేదు, తన పద్ధతి మీద పుస్తకమూ రాయలేదు. పారిస్‌లో ఆయన దగ్గర నేర్చుకున్న స్టీల్ మెకాయ్ అనే నటుడు బోస్టన్‌లో ఉపన్యాసాలిచ్చి ఆ విద్యను అక్కడ పరిచయం చేశాడు. మెకాయ్ శిష్యురాలు, నటి జెనెవీవ్ స్టెబిన్స్ 1885లో దాని మీద పుస్తకం రాసింది. నీ నాయిక చేతిలో ఉండాల్సింది ఆ పుస్తకం. పది నిమిషాల్లో దిద్దుకోవచ్చు.

నాకు ఒళ్లు మండింది దీనికి కాదు. అంత పొడుగు కథలో ఎవరూ ఎవరికీ ఒక్క డాలరు ఇవ్వరేం?

పాలరాతి బొమ్మలా కనబడాలని మోచేతుల దాకా తెల్ల పౌడరు పూసుకున్న పిల్ల, తలుపు గడియకు అంటుకుంటుందని ఎవరో వచ్చి తీసేదాకా గుమ్మం దగ్గర నిలబడుతుంది చూడు, అది బాగుంది. తర్వాత కార్సెట్ విప్పేసి, గ్రీకు వస్త్రం కట్టుకుని, ఒక శిల్పం భంగిమలోంచి ఇంకో శిల్పంలోకి మెల్లగా మారుతూ స్వేచ్ఛ పొందేస్తుంది. సరే, పొందనీ. ఆ హాలు అద్దె ఎవరు కట్టారు? టికెట్ ఎంత? రాత్రి ఏ రైలెక్కి, ఎవరింట్లో పడుకుంది?

నా పిచ్చి నీకు తెలియదు కదా. పాత్రకు అన్నం ఎక్కడినుంచి వస్తోందో తెలియకపోతే నాకు ఆ కథ నడవదు. కొత్తగా రాసే రోజుల్లో ఒక హరికథ భాగవతారిణి మీద కథ రాశాను. కథ అయ్యాక ఆవిడ లాంతరు ముందు కూర్చుని పళ్లెంలో పడ్డ చిల్లర ఎంచుతుంది. హార్మోనిస్టు వాటా, మృదంగం ఆయన వాటా, బండి కిరాయి తీసేసి, మిగిలింది కొంగున ముడేసుకుంటుంది. ఆ పేజీ కోసమే ఆ కథ రాశాను. అప్పట్లో ఒక వారపత్రిక ఎడిటరు దాన్నే కొట్టేసి వేశాడు. పైగా ‘లెక్కలు తీసేశాం, కథకు బిగువొచ్చింది’ అని కార్డు ముక్క. అచ్చయ్యాక మా ఊరి హార్మోనిస్టు చదివి, ‘అంతా బానే ఉందమ్మా, నాకు డబ్బులెవరిచ్చారు?’ అన్నాడు. నాకు దొరికిన విమర్శకుల్లో అంత సూటిగా అడిగినవాడు మళ్లీ తగల్లేదు. ఆ ఎడిటర్లు పోయారు, బుద్ధి పోలేదు. ఇప్పుడు సాధికారత కథల పోటీలని పెడుతున్నారు. సాధికారత కావాలట, జీతం రాళ్లు మాత్రం కనబడకూడదట.

ఇక నీ కథ కాలానికొద్దాం. నాటకం అంటే ముఖం తిప్పుకునే మర్యాదస్తుల కుటుంబాలు చర్చి హాల్లో పద్యాలూ కథలూ పలికి వినిపించే రెసిటేషన్ అంటే పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేవి. ఆడమనిషి ఒక్కతే నిలబడి అన్ని గొంతులూ తనే పలికితే ట్రూపు ఖర్చు లేదు, సెట్టింగులు లేవు. ఎలొక్యూషన్ అనే ఈ పలికే విద్య అంత మందికి బతుకుతెరువు అయిందంటే ఈ లెక్కా ఒక కారణమే. పల్లెల్లో పద్యం చెప్పి, పట్నంలో క్లాసులు పెట్టుకునేవాళ్లు. హెన్రియెటా రస్సెల్ న్యూపోర్ట్‌లో డబ్బున్న ఆడవాళ్లకు దెల్సార్త్ విద్య నేర్పింది. వేళ్లు, మణికట్టు, మోచెయ్యి ఒక్కొక్కటే వదులు చేసి వేలాడదీయడం కూడా ఆ పాఠాల్లో ఒకటి. చేతులు వేలాడెయ్యడానికి ఫీజు కట్టినవాళ్లున్నారు తల్లీ, నవ్వొస్తే నవ్వుకో. నేర్పినావిడ ఇల్లు ఆ ఫీజుతోనే గడిచేది. న్యూయార్క్ రాష్ట్రంలో ఎడ్గర్ వెర్నర్ 1879లో ఈ రంగానికే ఒక పత్రిక పెట్టాడు. స్టెబిన్స్ పుస్తకం వేసిందీ ఆయనే.

నీ నాయిక చెప్పే ‘కర్ఫ్యూ మస్ట్ నాట్ రింగ్ టునైట్’ సంగతే చూడు. రాత్రి గంట మోగగానే ప్రియుణ్ని చంపేస్తారని తెలిసి ఒకమ్మాయి గోపురమెక్కి, గంట నాలుక పట్టుకుని వేలాడుతుంది. దేశమంతా ఎలొక్యూషన్ పిల్లలు చేతులు పైకెత్తి ఊగిపోయిన పద్యం. రోజ్ హార్ట్‌విక్ మిషిగన్‌లో పదహారేళ్ల వయసులో రాసింది, 1870లో డెట్రాయిట్ పత్రికలో అచ్చయింది. దాన్ని పలికి ఎంతోమంది టికెట్లు అమ్ముకున్నారు. రాసిన పిల్లకు దక్కింది బహు తక్కువ. నీ నాయిక ఆ పద్యం పలుకుతూ ఒక్క క్షణం ఈ సంగతి తలుచుకుంటే కథ ఎటు పోయేదో!

అందరినీ తెల్లవాళ్లనే చేశావు, అదీ నచ్చలేదు. బానిసత్వం నుంచి బయటపడిన తల్లిదండ్రుల కూతురు హాలీ క్విన్ బ్రౌన్ ఊరూరా రెసిటేషన్లిచ్చి, తను చదివిన విల్బర్‌ఫోర్స్ కాలేజీకి విరాళాలు పోగుచేసింది. హెన్రియెటా వింటన్ డేవిస్ వాషింగ్టన్‌లో దస్తావేజుల ఆఫీసులో నకళ్లు రాసే ఉద్యోగి. 1883లో ఆవిణ్ని వేదిక మీద పరిచయం చేసింది బానిసత్వం మీద పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్, ఆ ఆఫీసులో ఆవిడ పై అధికారి. పగలంతా దస్తావేజులకు నకళ్లు రాసి సాయంత్రం షేక్స్పియర్ పలికే మనిషి! నేనే నీ వయసులో ఉంటే ఆవిడ కథే రాసేదాన్ని. ఇంక నా చెయ్యి సాగదు, నువ్వు రాయి.

తర్వాత పేరుపొందిన నర్తకి రూత్ సెయింట్ డెనిస్ చిన్నప్పుడు స్టెబిన్స్ ప్రదర్శన చూసిందని చివర్లో ఇరికించావు. నిజమే, 1892లో చూసింది. కానీ నీ నాయికకు దానితో పనేంటి? తీసెయ్.

శైలి గురించీ, కలంపేరు గురించీ ఏవో అడిగావు. అవి తర్వాత చూద్దాం. ఎక్కడికి పంపాలని కదా అసలు టెన్షన్? ఇప్పుడే ఎక్కడికీ వద్దు. హాలు అద్దె, దీపాల ఖర్చు, ఫీజు బాకీపడ్డ ఇల్లు ఒకటి పెట్టి తిరగరాసి ముందు నాకు పంపు. ఆ తర్వాత ఎవరైనా ఆ భాగం తీసేస్తేనే వేసుకుంటాం అంటే, కథ వెనక్కి తెచ్చేసుకో. కాయితాల మీదే పంపు, ఫోన్లో పీడీఎఫ్ చదవడం నావల్ల కాదు.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ వయసున్న కథకురాలు